ఆరోగ్య కమిటీ వార్షిక నివేదిక: ఈ ఏడాది జ్వరాల పని

సభ్యులకు నమస్కారం. రోడ్లు, వీధి దీపాల సంగతి జమాఖర్చుల పత్రంలో ఉంది. ఇది జ్వరాల గురించి, ముఖ్యంగా మలేరియా గురించి.

ఇంటింటికీ తిరిగినప్పుడు జ్వరం అనగానే అందరి నోటా డెంగీ మాటే. తిరుపతిలో మలేరియా తక్కువ గనుక ఎవరికీ తట్టదు. కానీ మలేరియా ఎక్కువుండే అరకు, పాడేరు మన్యం వైపు వెళ్లొచ్చేవాళ్లు మన వీధుల్లోనూ ఉన్నారు. అక్కడ దోమ కుట్టాక జ్వరం రావడానికి మామూలుగా 10 నుంచి 15 రోజులు పడుతుంది. వైవాక్స్ అనే రకం మలేరియా అయితే నెలలు కూడా పట్టొచ్చు. అప్పటికి ఆ ప్రయాణమే గుర్తుండదు. డాక్టరు అడగకపోయినా ఎక్కడికెళ్లొచ్చారో మీరే చెప్పండి.

మలేరియాలో ముందు చలి. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడతాయి. తర్వాత ఒళ్లు కాలిపోయే జ్వరం, తలపోటు, వాంతులు. కొన్ని గంటలకు పక్క తడిసేంత చెమట పట్టి జ్వరం దిగుతుంది, మనిషి లేచి కాఫీ అడుగుతాడు. మోసపోయేది ఇక్కడే. రోజు విడిచి రోజు వస్తేనే మలేరియా అనుకోవద్దు. మొదట్లో రోజూ రావచ్చు, ఫాల్సిపేరం అనే మరో రకంలో ఆ లెక్క కుదరకపోవచ్చు. పసిపిల్లల్లో వణుకు లేకుండా వాంతులు, విరేచనాలు, పాలు తాగకపోవడమే కనిపించొచ్చు.

పారాసిటమాల్‌తో జ్వరం దిగుతుందే గానీ క్రిమి చావదు. వేలికొసన చుక్క రక్తం చాలు, ర్యాపిడ్ కిట్‌పై సుమారు 20 నిమిషాల్లో తెలుస్తుంది. అర్బన్ హెల్త్ సెంటర్‌లో అడగండి. నెగెటివ్ వచ్చినా జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి.

వైవాక్స్‌కు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రిమాక్విన్ 14 రోజులు. నాలుగో రోజుకే ఒళ్లు తేలికపడి ప్రిమాక్విన్ మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి మళ్లీ లేస్తుంది. ప్రిమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువ కావడం) ఉన్నవాళ్లకు ప్రమాదం. కాబట్టి పక్కింటివాళ్ల చీటీ చూసి కొనొద్దు.

ఫిట్స్, మగత, కళ్లు పచ్చబడటం, మూత్రం పాలు కలపని టీ రంగులో రావడం, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పట్నపు మలేరియా దోమ మురుక్కాలువలో కంటే సంపులో, మిద్దె మీది ట్యాంకులో గుడ్లు పెడుతుంది. దాని పిల్ల (లార్వా) నీటిమట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటుంది. తలకిందులుగా వేలాడుతుంటే వేరే దోమ. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు, అందుకే ప్రతి శుక్రవారం నిల్వ నీళ్లు పారబోసే డ్రైడే పెట్టుకున్నాం. తొట్లు వంచడంలో అందరూ బాగానే కలిశారు. మిద్దెక్కి మూత చూసినవాళ్లే తక్కువ. పగిలిన మూతలు మార్చి, ఓవర్‌ఫ్లో గొట్టాలకు సన్నని వల కట్టే పని ఈశాన్య రుతుపవనాల వానలకు ముందే పూర్తి కావాలి.