హల్‌చల్ కాని వార్త ఒకటి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ‘హిజ్రాల హల్‌చల్’ అని పెద్ద శీర్షిక చూశాను. ఫంక్షన్ హాల్ దగ్గర నలుగురు డబ్బుల కోసం గొడవ చేశారట. చేస్తే కేసు పెట్టాల్సిందే, అడ్డం చెప్పను. అదే పేజీలో కింద ఒక ఆటో డ్రైవర్ ప్రయాణికుణ్ణి కొట్టిన వార్త ఉంది. దానికి ‘ఆటోవాలాల హల్‌చల్’ అని పెట్టలేదు.

నాది నల్లగొండ కలెక్టరేట్ దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. సోమవారం ప్రజావాణి కదా, పొద్దున ఎనిమిదింటికే అర్జీలు టైపు చేయించుకునేవాళ్లు వస్తారు. తొమ్మిదేళ్లుగా వాళ్లలో ఒక ట్రాన్స్‌జెండర్ అక్క ఉంది. ఈ ఉత్తరంలో పేరు రాయనా అని అడిగితే, “వద్దు తమ్మీ, పేరేస్తే పాత పేరు తవ్వి తీస్తరు” అంది.

మొదటిసారి వచ్చిన రోజు గిరాకీ ముందు నిలబడకుండా పోతుందని గల్లాలోంచి పది రూపాయలు తీసి ఇచ్చాను. ఆమె ఆ నోటు కౌంటర్ మీదే పెట్టి, సంచిలోంచి కాగితాలు తీసి, “దీనికెన్ని కాపీలొస్తయి?” అంది. సిగ్గుపడ్డానని అబద్ధం చెప్పను, ఆ రోజు చిరాకే పడ్డాను. ఆడో మగో ట్రాన్స్‌జెండరో ఎవరికి వాళ్లే చెప్పుకోవచ్చని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోని పేజీలవి. రెండు రూపాయల కాపీని రూపాయిన్నరకు ఇమ్మని ఇప్పటికీ బేరమాడుతుంది.

2018 సెప్టెంబర్ 6న, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం ఐపీసీ 377 సెక్షన్ కింద నేరం కాదని తీర్పు వచ్చిన సాయంత్రం, పావుకిలో కోవా తెచ్చింది. నీకేంటక్కా దీంతో అన్నాను. దేవరకొండ దిక్కు డిగ్రీ చదివే పిల్లగాడొకడు రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడుస్తాడట, వాడి కోసమంది. తర్వాత వాళ్లమ్మతో మాట్లాడటానికి మూడుసార్లు బస్సెక్కింది. రెండుసార్లు వాకిట్లోంచే పంపేశారు. మూడోసారి చాయ్ పోశారట. అంతకుమించి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

2022లో ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రాల పని పట్టింది. అప్పటి నియమాల ప్రకారం కలెక్టర్ ఇచ్చే ఆ పత్రానికి డాక్టర్ పరీక్ష అక్కర్లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక ఆఫీసులో మాత్రం డాక్టర్ సర్టిఫికెట్ లేందే ముట్టుకోమన్నారు. ఆ నియమం ఉన్న పేజీని నా దగ్గరే లామినేషన్ చేయించి సంచిలో వేసుకుంది. (దానికి బేరమాడలేదు.)

2023 జులైలో హైకోర్టు తీర్పు కాపీ తెచ్చింది. హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో, నిజాం కాలం నాటి హిజ్రాల చట్టాన్ని కొట్టేసిన తీర్పు. అందులో ‘1329 ఫసలీ’ అని ఉంటే ఆమెకు అర్థం కాలేదు. ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం, నాకు భూమి కాగితాల్లో అలవాటైన మాటే, 590 కలిపితే 1919. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానంతో పేరు రిజిస్టర్‌లోకెక్కితే చాలు, ఆ హిజ్రా చీర కట్టి బజారులో కనిపించినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఆ చట్టం. “మా గురువు చీరకు ఇంత కథ ఉందా!” అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఆ గురువుకు ఇప్పుడు డెబ్బై దాటాయి, చప్పట్లు కొట్టడానికి చేతులు లేవవు. ఆధార్‌లో ఒక పేరు, మనుషులు పిలిచేది ఇంకొకటి, రేషన్ కార్డు లేనే లేదు. ఆమె పింఛను కోసం మూడో అర్జీ నిన్ననే టైపు చేశాను. మొదటి రెండింటి రసీదులు కూడా జతపెట్టాం.

సోమవారం మీ విలేకరి ప్రజావాణికి వస్తాడు కదా. పదిన్నరకల్లా అక్క మెట్ల దగ్గర నీలం సంచితో ఉంటుంది. శీర్షిక ఏం పెడతారో మీ ఇష్టం. లోపల మాత్రం ‘ఆమె’ అని రాయండి.

– ఒక జిరాక్స్ షాపు యజమాని, నల్లగొండ