గింప్ 3లో మొరాయించే స్క్రిప్టులు

సంపాదకులకు నమస్కారం.

బొమ్మలు, ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ 3.0 వెర్షన్ 2025 మార్చిలో విడుదలైన తర్వాత, ఏళ్లుగా వాడుతున్న అదనపు స్క్రిప్టులు (ప్లగిన్‌లు) మెనూలో కనిపించడం లేదని మా డీటీపీ వృత్తిలోని పలువురు ఆందోళన చెందుతున్నారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రూపమైన పైథాన్ 2లో రాసినవి, పైథాన్ 3ను వాడే ఈ వెర్షన్‌లో పనిచేయవు, వాటిని తిరగరాయవలసిందే. కొత్త వెర్షన్ కోసమే రాసినది కూడా మొరాయిస్తే, ముందుగా ఫోల్డర్ చూడాలి: ప్లగిన్ ఫైలు తన పేరే ఉన్న విడి ఫోల్డర్‌లో ఉండాలి, లినక్స్‌లోనైతే దానికి ఎగ్జిక్యూట్ (ప్రోగ్రామ్‌గా నడిపే) అనుమతి కూడా ఇవ్వాలి. నేను చూసినంతవరకు చిక్కు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. అప్పటికీ కనిపించకపోతే, గింప్‌ను టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే విండో) నుంచి తెరిచినప్పుడు పైథాన్ లోపమేదైనా ఉంటే స్క్రిప్టులో ఏ వరుసలో ఉందో అక్కడే కనబడుతుంది. స్క్రిప్టులు పంచిపెట్టేవారు అవి ఏ వెర్షన్‌కు సరిపోతాయో తప్పక పేర్కొనాలని మనవి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ