అమెరికా ఇంగ్లీషు ఉత్తర్వు: మనకేం కాదనుకోకండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించడంపై మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వెళ్లిన దేశం భాష నేర్చుకోవాలి కదా, ఇందులో తప్పేముంది అని చాలామంది తేల్చేశారు. కొందరైతే ఇది స్పానిష్ మాట్లాడేవాళ్ల గొడవ, మనవాళ్లకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి మనకేం కాదు అన్నారు. న్యూజెర్సీలో ఉంటూ, పెద్దవయసులో ఉన్న అమ్మను దగ్గర పెట్టుకుని చూసుకుంటున్న నాకు ఆ రెండో మాట చాలా బాధ కలిగించింది.

అమెరికా రాజ్యాంగంలో అధికార భాష ప్రస్తావనే లేదు. 1981లో కాలిఫోర్నియా సెనేటర్ హయకావా ఇంగ్లీషు కోసం రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు కానీ అది ముందుకు సాగలేదు. 30కి పైగా రాష్ట్రాలు మాత్రం సొంతంగా ఇంగ్లీషును అధికార భాష చేసుకున్నాయి. కాలిఫోర్నియా ఓటర్లు 1986లోనే ఆ పని చేశారు. అయినా అక్కడ ఎన్నికల పత్రాలు స్పానిష్, చైనీస్ లాంటి భాషల్లో కూడా ఇస్తున్నారు. ఓటు హక్కు చట్టానికి 1975లో చేసిన సవరణ అలా ఇచ్చి తీరాలంటుంది. కాబట్టి ఒక్క ప్రకటనతోనే మిన్ను విరిగి మీద పడదని నాకూ తెలుసు.

2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వులో నన్ను కలవరపెట్టింది ఆ ప్రకటన కాదు, దానితోపాటు చేసిన రద్దు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు కూడా సేవలు అర్థమయ్యేలా అందాలని 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) కార్యాలయాలతోపాటు ఆ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, ఇతర సంస్థలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. కొత్త ఉత్తర్వు దాన్ని తీసేసింది. ఇప్పుడున్న భాషా సేవలు ఆపేయమని చెప్పలేదు, నిజమే. ఉంచాలా, మానాలా అన్నది ఆయా ఫెడరల్ శాఖల అధిపతులకు వదిలేసింది. ఖర్చులు తగ్గించుకోవాలనుకున్న చోట ముందుగా వేటు దేనిమీద పడుతుందో చెప్పాలా?

ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదనే 1964 పౌర హక్కుల చట్టం ఉందిగా అని ఒక పాఠకుడు రాశారు. ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలకు ఏ సాయమూ చేయకుండా తరగతిలో కూర్చోబెట్టడం చెల్లదని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ చట్టం కిందే. కానీ 2001లో అదే కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అలబామాలో డ్రైవింగ్ పరీక్ష ఇంగ్లీషులోనే పెడుతున్నారని వేసిన కేసు అది. కావాలని చూపిన వివక్ష అయితే తప్ప, ఒక నియమం వల్ల ఫలానావాళ్లకు ఎక్కువ నష్టం జరుగుతోందని మామూలు మనిషి ఈ చట్టం కింద కోర్టుకెక్కడం కుదరదని తేల్చారు. అంటే ఆ నిబంధనలను అమలు చేయించాల్సింది ఇక ప్రభుత్వమే. ఆ ప్రభుత్వమే పక్కకు తప్పుకుంటే ఇంగ్లీషు రాని ముసలావిడ ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మనవాళ్లకు ఇంగ్లీషు వచ్చు అన్నది ఉద్యోగాలకు వచ్చినవాళ్ల మాట. పిల్లలు సిటిజన్లయ్యాక గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నల మాటేమిటి? పోయిన ఏడాది అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు నేను ఊళ్లో లేను, మావారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంటి మనిషి ఉన్నాడు కదా, ఆయనే చెబుతాడని అక్కడివాళ్లు ఊరుకున్నారు. అల్లుడి ముందు తన ఆడ సమస్య ఎలా చెప్పుకుంటుంది? నడుము నొప్పి అంది. నొప్పి మాత్రలు రాసి పంపేశారు. తర్వాతిసారి నేను వెళ్లి గట్టిగా అడిగితే ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపారు. ముఖం కూడా తెలియని ఆవిడకు అమ్మ ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా చెప్పింది. నన్ను కూడా కాసేపు బయట ఉండమంది. గర్భసంచి జారిందని అప్పుడు తేలింది. ఆ ఫోన్ కాల్‌ను వృథా ఖర్చు అనేవాళ్లతో నేను ఎప్పటికీ ఏకీభవించను.

ఇంగ్లీషు నేర్చుకోవద్దని ఎవరంటారు? నేర్చుకోవాలి, నేర్పించాలి. అమ్మ కూడా లైబ్రరీలో ఉచిత క్లాసులకు వెళ్తోంది. కానీ ఎంత నేర్చుకున్నా ఆ వయసులో జబ్బు గురించో, కోర్టు నోటీసు గురించో మాట్లాడేటంత భాష రాదు. ఈ సంగతి అమెరికా చట్టమే ఒప్పుకుంది. 50 ఏళ్లు దాటి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లీషు మినహాయింపు ఉంది. మిగతా ప్రశ్నలకు సొంత భాషలో జవాబు చెప్పొచ్చు. ఇది చట్టంలో ఉన్నది, అధ్యక్షుడి ఉత్తర్వుతో పోదు. ఇకపై ఇంగ్లీషు రాని పెద్దవాళ్లెవరికీ పౌరసత్వం రాదంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌లు నమ్మి టెన్షన్ పడుతున్నవాళ్లకు ఇది తెలియాలి.

అధికార భాష ఉండటమూ, జనం మాట వినడమూ ఒకదానికొకటి అడ్డు కాదు. మన రాజ్యాంగం 343వ అధికరణంలో కేంద్రానికి అధికార భాషను నిర్ణయించింది. 350వ అధికరణంలో మాత్రం కష్టం చెప్పుకోవడానికి కేంద్రంలో, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చంది. అమలు సంగతి అలా ఉంచితే, ఆలోచన మాత్రం సరైనది. అమెరికా ఇంగ్లీషును అధికార భాష అనుకుంటే అనుకోనివ్వండి, ఆసుపత్రిలో, కోర్టులో, వరద హెచ్చరికలో అవతలి మనిషికి అర్థమయ్యే ఏర్పాటును మాత్రం చట్టంగా రాయాలి. ఒక అధ్యక్షుడు ఇచ్చి మరో అధ్యక్షుడు తీసేసేలా ఉండకూడదు.

ఇక్కడి మన తెలుగు సంఘాలు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులను పిలిచి శాలువాలు కప్పుతుంటాయి. ఈసారి పిలిచినప్పుడు ఈ విషయం అడగాలి. మెడికల్ ఇంటర్‌ప్రెటర్లుగా శిక్షణ పొందాలనుకునే మన ఆడవాళ్లకు ఫీజు సాయం చేయాలి. మీరు కూడా ప్రవాసుల పేజీలో పౌరసత్వ పరీక్ష మినహాయింపుల గురించి, ఆసుపత్రిలో ఇంటర్‌ప్రెటర్‌ను ఎలా అడగాలో చెబుతూ ఒక వివరమైన వ్యాసం వేయండి. పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు బయల్దేరేముందే చదువుకుంటారు.

ఇట్లు
ఒక పాఠకురాలు, న్యూజెర్సీ