నర్సింగ్ పిల్లల మనసు గురించి అడిగేదెవరు?

సంపాదకుడు గారికి,

నర్సులు కసురుకుంటారని, వాళ్లకు ఓర్పు లేదని మీ పేజీలో అప్పుడప్పుడు ఉత్తరాలు చూస్తుంటాను. కాదనను. 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఆ కసురు ఎక్కడ మొదలవుతుందో చూసినదాన్ని.

కొన్నేళ్ల కిందట మేల్ మెడికల్ వార్డులో తెల్లవారుజామున ఒక పెద్దాయన పోయాడు. పక్కన రెండో ఏడాది స్టూడెంట్ ఉంది, అప్పటిదాకా ఆయన పల్స్ చూస్తూ. డ్యూటీ డాక్టర్ తల అడ్డంగా ఊపగానే ఆ పిల్ల నవ్వింది. భయానికి వచ్చిన నవ్వు. ఆపుకోలేక చేతిలోని బీపీ కఫ్ నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కొడుకు చూడనే చూశాడు. తర్వాత గొడవ చెప్పక్కర్లేదు. స్టోర్ రూమ్‌లోకి లాక్కెళ్లి "బుద్ధుందా నీకు?" అని అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. ఆమె తర్వాతి షిఫ్టువాళ్లకు హ్యాండోవర్ ఇచ్చి, టిఫిన్ కూడా తినకుండా క్లాసుకి వెళ్లిపోయింది. రాత్రి ఏమైందమ్మా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మళ్లీ వార్డు పోస్టింగ్‌కి వచ్చేసరికి ఆ మొహం బిగుసుకుపోయి ఉంది. సెలైన్ అయిపోయిందని ఎవరైనా పిలిస్తే తలెత్తకుండా "వస్తాం, ఆగండి" అనేది. పిల్ల గట్టిపడింది, పనికొస్తుంది అని మేం సంతోషించాం కూడా.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్ మార్చి సెమిస్టర్లు తెచ్చింది. అప్లైడ్ సైకాలజీ మొదటి సెమిస్టర్‌లోనే ఉంది. ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ అర్థం చేసుకుని మసలడం, ఏమిటో ఇప్పటి పిల్లలు గడగడా రాసేస్తారు. ఇంకా చావు చూడని వయసులో చదివిన ఆ పాఠం, చావు చూసిన రోజున గుర్తుకు రాదు.

విజయవాడ, వరంగల్ హెల్త్ యూనివర్సిటీలను నేను అడిగేది చిన్నదే. క్లినికల్ పోస్టింగ్ ఉన్నన్నాళ్లూ వారానికో అరగంట ట్యూటర్‌తో కూర్చోబెట్టండి. వార్డులో చావు చూసిన పిల్లతో అదే రోజు మాట్లాడండి. దీనికి మార్కులొద్దు, చేసిన పనులు రాసి సంతకం పెట్టించుకునే లాగ్ బుక్ అసలే వద్దు. లాగ్ బుక్ పెడితే సీనియర్ల దగ్గర చూసి రాసేస్తారు, కేస్ స్టడీలు ఎలా తయారవుతాయో మాకు తెలియనిదా!

టైమ్ లేదంటారు. స్టూడెంట్లు దీపం పట్టుకుని ప్రతిజ్ఞ చేసే లాంప్ లైటింగ్ వేడుక రిహార్సల్స్‌కి వారం దొరుకుతోంది కదా? అసలు సమస్య స్టాఫ్. టీచింగ్ ఆసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని కౌన్సిలే చెప్పింది. మేం 40 మంచాలకు ఇద్దరం రాత్రులు గడిపాం, మిగతా పని స్టూడెంట్లే లాగారు. పోస్టులు నింపకుండా ఆ పిల్లలతో వార్డులు నడిపినంత కాలం కసురు తగ్గదు.

ట్యూటర్లకూ ఇది ఎవరూ నేర్పలేదు, కాబట్టి ముందు వాళ్లకే ట్రైనింగ్ పెట్టాలి. మెంటల్ హెల్త్ నర్సింగ్ చెప్పేవాళ్లు ప్రతి కాలేజీలో ఉన్నారు. బయటి నుంచి ఎవరినీ పిలవక్కర్లేదు.

— రిటైర్డ్ హెడ్ నర్సు, తెనాలి