మిరియాన్ని నీళ్ళలోకి దింపిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళకీ, ఆకివీడు వైపు మా చుట్టాలకీ ఫోన్లో విడివిడిగా చెప్పలేక అంతా ఒకేచోట రాస్తున్నాను. మా కొత్త కుక్క మిరియం ఈ చలికాలం మొదటిసారి బాతుల వేటకి వెళ్ళి, క్షేమంగా ఇంటికొచ్చింది. క్షేమంగా రావడం వెనక చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించే ఇదంతా.

బంగారి పోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. పదకొండేళ్ళ పసుపు లాబ్రడార్. సాయంత్రం గిన్నె నాకి నాకి ఖాళీ చేసింది, రాత్రికి లేవలేకపోయింది. ప్లీహంలో గడ్డ పగిలి లోపల్లోపలే రక్తం పోతోందని స్కాన్‌లో తేలింది. హెమాంజియోసార్కోమా అంటారు. వయసు మళ్ళిన లాబ్రడార్లలో, గోల్డెన్ రిట్రీవర్లలో తరచూ వచ్చే కాన్సర్, చాలాసార్లు పగిలేదాకా బయటికి ఏమీ తెలియదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో, చెయ్యకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. డబ్బు మాట మేం ఎత్తలేకపోతుంటే తనే ఎత్తింది. ఆఖర్న నేలమీద మా పక్కనే కూర్చుంది. ఆవిడకి తెలుగు రాదు, అయినా మొదటి దండం ఆవిడకే.

తర్వాత మా ఇంటికి క్యారేజీలు పంపిన రెండు కుటుంబాల వాళ్ళు. ఇద్దరివీ గుడ్డు కూడా ముట్టని ఇళ్ళు. నేను వేటకి వెళ్ళడం వాళ్ళకి బొత్తిగా గిట్టదు, ఆ మాట నా మొహమ్మీదే చాలాసార్లు అన్నారు కూడా. కానీ బంగారి పోయిన వారమంతా మా ఆవిడ పొయ్యి వెలిగించాల్సిన పని లేకుండా చూశారు. వేట గురించి ఒక్కరు కూడా ఎత్తలేదు. వాదించుకోవడం మళ్ళీ ఉగాది తర్వాతే మొదలెట్టాం.

మా అమ్మ సంగతి వేరు. "కొల్లేట్లో బాతుని పడితే జైల్లో పెడతారు, నువ్వు అక్కడ డబ్బు కట్టి మరీ కాలుస్తావా?" అని ఇప్పటికీ అడుగుతుంది. నిజమే, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలం కొల్లేటికి వలస వచ్చే సూదితోక పిన్‌టెయిల్ జాతే ఇక్కడ మా లోయలోనూ దిగుతుంది. ఇక్కడ లైసెన్సు ఉంటుంది, రోజుకి ఏ జాతివి ఎన్ని అనే లెక్క ఉంటుంది, పైగా ఏటా 25 డాలర్లు పెట్టి డక్ స్టాంప్ కొనాలి. 1934 నుంచి ఉన్న పద్ధతి. ఆ డబ్బు దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడ్డానికే పోతుందని చెప్పాను. "బాతుల పేరు చెప్పి బాతులకి ఇల్లు కట్టించి, మళ్ళీ వాటినే కాలుస్తారన్నమాట" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా బంగారి పోయాక రోజూ ఫోన్ చేసి, ఇంకో కుక్కని తెచ్చుకోమని ముందుగా అన్నది అమ్మే.

వేటకి కుక్కెందుకని అడిగేవాళ్ళ కోసం రెండు ముక్కలు. శాక్రమెంటో లోయంతా వరి. కోతలయ్యాక దుబ్బులు తగలబెట్టడాన్ని తగ్గించాలని 1991లో కాలిఫోర్నియా చట్టం చేసింది. అప్పట్నుంచి చాలామంది రైతులు చలికాలం చేలకి నీళ్ళు పెట్టి గడ్డిని కుళ్ళబెడుతున్నారు, రాలిన గింజల కోసం బాతులు గుంపులుగా వాలతాయి. పక్కనే ప్రభుత్వ శరణాలయాల్లో మడుగులు, మనిషెత్తు జమ్ము. కొట్టిన పక్షిని వెతక్కుండా వదిలెయ్యకూడదని ఫెడరల్ నిబంధన. దెబ్బతిన్న బాతు ఆ జమ్ములో దూరిందంటే మనిషి కంటికి ఆనదు, కుక్క ముక్కే దిక్కు. కుక్క లేకుండా వెళ్ళడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. అందుకే బంగారి పోయాక తుపాకి పెట్టెలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా వీధి చివరి పెద్దాయన. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు, యాభై ఏళ్ళుగా బాతుల వేటగాడు. మాకు ఈ నల్ల కుక్కపిల్లని, అంటే మిరియాన్ని, వెతికిపెట్టింది ఆయనే. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, ఈఐసీ పరీక్ష కాగితాలు చూపించందే చెక్కు రాయొద్దన్నాడు. ఈఐసీ అంటే గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్ళు పట్టు తప్పి కూలబడే జబ్బు, లాబ్రడార్లలో ఉంది. దాని వెనకున్న జన్యువు 2008లో బయటపడింది, ఇప్పుడు చిన్న పరీక్షతో తెలిసిపోతుంది. పిల్లల్ని అమ్మిన రైతు ఇంటావిడ మేం అడక్కముందే ఫైలు తెచ్చి బల్లమీద పెట్టింది. ఆవిడకీ కృతజ్ఞతలు.

తుపాకి చప్పుడు అలవాటు చెయ్యడం ఆ పెద్దాయన ఓపిక వల్లే అయింది. కుక్క పట్టి తేవడానికి నేను డమ్మీ బాతు విసురుతుంటే ఆయన పొలం అవతలి గట్టున నిలబడేవాడు. కుక్క మనసంతా ఆ డమ్మీ మీద ఉన్న క్షణంలోనే ఉత్తుత్తి తూటా పేల్చేవాడు. చెవి వెనక్కి పడిందా, ఆ రోజుకి ఇంకా దూరం జరిగేవాడు. వారాల తరబడి కొద్దికొద్దిగా దగ్గరకొచ్చాడు. పన్నెండో నంబరు తుపాకి దాకా వచ్చేసరికి మిరియానికి ఆ చప్పుడంటే ఏదో ఎగిరొచ్చి పడబోతోందని అర్థం. మా పెరట్లో గడ్డిమీద డెకాయ్ బాతులు (నిజం బాతుల్ని దగ్గరికి రప్పించే బొమ్మలు) పరిచి, వాటిని నోట కరవకూడదని నేర్పిందీ ఆయనే. (ఒక డెకాయ్‌కి తోక లేదు. ఆ ఖరీదు నేనిస్తానంటే తీసుకోలేదు.)

అసలు సాయం ఇది కూడా కాదు. ఆయనకీ ఒక కుక్కుంది, మూతంతా నెరిసిపోయింది. దానికింక ఒకటో రెండో సీజన్లు. మొదటి రోజున దాన్ని ఇంట్లో వదిలి వచ్చాడు. రెండు కుక్కలుంటే పెద్దదే అన్నీ పట్టుకొచ్చేస్తుంది, చిన్నది నేర్చుకోదు. తెల్లారుజామున లారీలాంటి ఆ పికప్ బయల్దేరుతుంటే లోపల్నుంచి అది ఏడ్చిన ఏడుపు వీధంతా వినిపించింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, రేడియో పెట్టాడు. వేటాడే కుక్క ఉన్నవాళ్ళకి ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. పైగా నన్ను తుపాకి తేవద్దన్నాడు. "నీ పని కుక్కని చూసుకోవడం, కాల్చడం నా పని." అది ఎటు చూస్తోంది, వణుకుతోందా, చెప్పేదాకా కూర్చుంటుందా అన్నదే చూశాను. మొదట పడింది చెంచాముక్కు షవలర్. ఇక్కడి వేటగాళ్ళు దాన్ని వెక్కిరిస్తారు, రుచిలో చివరి బెంచీ అని. మిరియానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి ఒళ్ళంతా తోకలా ఊపింది.

తర్వాతే టెన్షన్. టూలీ ఫాగ్ అని ఈ లోయలో నేలమీదే పరుచుకునే పొగమంచు ఉంది. పక్క సీటు మనిషి కూడా మసగ్గా కనిపిస్తాడు. రెక్క విరిగిన మల్లార్డ్ ఒకటి గట్టు దాటి జమ్ములో పడింది, మిరియం వెంటపడింది, మంచు మూసుకుంది. ఈల వేశాను, రాలేదు. మళ్ళీ వేశాను, జవాబుగా నీళ్ళ చప్పుడు కూడా లేదు. ఆ మడుగుల్లో వేటకి చోటు దొరకాలంటే ఎక్కువగా లాటరీలో పేరు రావాలి. వారంలో మూడు రోజులే వేట. బాతులు బాగా ఎగిరే వేళ అది. అలాంటప్పుడు చుట్టుపక్కల మాటుల్లో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళు తూటాలు తీసేసి లేచి వచ్చారు. ఒకాయన నా జాకెట్ అడిగి, కుక్క నన్ను ఆఖరిసారి చూసిన చోట పరిచాడు. ఇంకొకాయన నన్ను అక్కణ్ణుంచి కదలొద్దని, వెతకడం తాము చూసుకుంటామని చెప్పాడు. వాళ్ళ పేర్లడగాలని కూడా నాకు తోచలేదు.

దొరికింది ఒక తండ్రీకొడుకులకి, లోతు కాలవ అవతలి గట్టు మీద. కుర్రాడికి పన్నెండేళ్ళుంటాయేమో. తండ్రి ముందుకి వెళ్ళబోతే వాడు ఆపాడట. తరిమితే పారిపోతుందని దానికి వీపు పెట్టి గట్టుమీద కూర్చుని, శాండ్‌విచ్ విప్పి తినడం మొదలెట్టాడట. కాసేపటికి మిరియం వచ్చి వాడి భుజానికి ఆనుకుంది. నోట్లో మల్లార్డ్ అలాగే ఉంది. ఈదాలంటే దాన్ని వదిలెయ్యాలేమో అని అక్కడే ఆగిపోయిందని పెద్దాయన అనుమానం. కుర్రాడు బాతుని తీసుకోలేదు, "అది నీదే" అని దానితోనే నా దాకా మోయించాడు.

ఇంగ్లీషులో విడిగా ఒక కాగితం రాసి వేటగాళ్ళు పేర్లు నమోదు చేసుకునే చెక్ స్టేషన్ బోర్డుకి అంటించాను. ఆ రోజు అక్కడ ఉన్న ఉద్యోగులకీ, వేడి కాఫీ ఇచ్చిన వాళ్ళకీ కూడా కలిపి. మిరియం పాదాలు చూసి, పచ్చి పక్షి మాంసం పెట్టొద్దని బర్డ్ ఫ్లూ గురించి హెచ్చరించిన డాక్టరుకీ థాంక్స్.

పెద్దాయన ముసలి కుక్క బాకీ తీర్చాలి కదా. మళ్ళీ లాటరీ తగిలిన రోజున మిరియం ఇంట్లో ఉంటుంది, దాన్నే తీసుకెళ్తాం. ఈసారి ఏడుపు మా ఇంట్లోంచి వినిపిస్తుంది, వీధివాళ్ళు క్షమించాలి. ఆదివారం మా ఇంట్లో బాతు ఇగురు, మిరియాలు దట్టించి. పైన చెప్పిన వాళ్ళంతా రావాలి. క్యారేజీలు పంపిన రెండిళ్ళకీ గుత్తివంకాయ, వేరే పొయ్యి మీద, వేరే గరిటెతో, మా ఆవిడ గ్యారంటీ.