చుక్కలు కనబడేలా లైట్లు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడిలో చలికాలం రాత్రి మేడెక్కితే ఒరాయన్ (వేటగాడి ఆకారంలో కనిపించే నక్షత్రాల గుంపు) నడుం మీద మూడు చుక్కలు, కింద పొగమంచు మరకలాంటి నెబ్యులా, అంటే వాయువూ ధూళీ నిండిన మేఘం, కనిపించేవి. దాని వెనకున్న వాయుమేఘంలో, వెలుగు మనదాకా రావడానికి పట్టే కాలం కలపకుండా, మనకు కనిపించే లెక్కన సుమారు 500 ఏళ్ల కిందట, పసినక్షత్రాలు మరీ దగ్గరకొచ్చి చెదిరిపోయాయట. ఆ ఊపుకి వాయువు తారాజువ్వల్లా నలువైపులా చిమ్మింది. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు ఆ పాయల్లోని కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టి చూపింది. కొన్ని పాయలు సెకనుకు వంద కిలోమీటర్లకు మించి దూసుకెళ్తున్నాయి!

ఇదంతా చెప్పి మనవరాలికి ఆ మరక చూపిద్దామంటే, వీధి చివర కొత్త హైమాస్ట్ లైటు వెలుగులో ఏమీ కనబడలేదు. "ఏదీ తాతా?" అంటే ప్రాణం ఉసూరుమంది. లైట్లు వద్దనను, ఆడపిల్లలు నడిచే దారి. వెలుగు కిందికే పడేలా పైన మూత బిగించమని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా