ఇండియా అని చెప్పాక కూడా కోల్‌కతా వెతుక్కోవాలా?

కస్టమర్ సపోర్ట్ వారికి,

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాది చిన్న కంప్యూటర్ రిపేరు అంగడి. వారానికి నాలుగైదు సిస్టమ్‌లు ఫార్మాట్ కొట్టి మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటాను. పార్టిషన్లు, డ్రైవర్లు, వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా టైమ్ జోన్ అడిగే ఆ ఒక్క స్క్రీన్‌తోనే.

మొదట్లోనే దేశం ఏదని అడుగుతారు, ఇండియా అని పెడతాను. రెండు స్క్రీన్లు దాటాక టైమ్ జోన్ ఏదని మళ్లీ అడుగుతారు, చూస్తే అక్కడ న్యూయార్క్ కూర్చుని ఉంటుంది. దేశం మొత్తానికీ మాకున్నది ఒక్కటే టైమ్ కదా స్వామీ, యూటీసీకి, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకున్న టైమ్‌కు, ఐదున్నర గంటలు ముందు. దాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మా రాష్ట్రం మీదుగానే, కాకినాడ దగ్గరగా పోతుంది. మీ లిస్టులో మాత్రం ఇండియా అని కొడితే ఏమీ రాదు, హైదరాబాద్ లేదు, ఢిల్లీ కూడా లేదు, కోల్‌కతా అనే కొట్టాలి. జోన్‌కు ఒక పెద్ద ఊరి పేరు పెట్టడం మీరు వాడే టైమ్ జోన్ల డేటాబేస్ పద్ధతని నాకు తెలుసు, ఇంట్లో సొంతంగా ఎక్కించుకునే డిగ్రీ పిల్లోడికి ఎట్లా తెలుస్తుంది? పోనీ మ్యాప్ మీద నొక్కుదామా అంటే, మా ఊరి దగ్గర నొక్కితే కొలంబో పడుతుంది. దూరం చూస్తే మాకు కోల్‌కతా కన్నా కొలంబోనే దగ్గర లెండి! శ్రీలంకదీ ఇప్పుడు మన టైమే కాబట్టి బతికిపోయాం.

ఖాట్మండుతో మాత్రం బతకలేదు. లిస్టులో అది కోల్‌కతాకు కాస్త పైనే ఉంటుంది. పోయిన నెల ఒక ఎరువుల అంగడి వాళ్ల ల్యాప్‌టాప్ చేస్తుంటే టచ్‌ప్యాడ్ మీద వేలు జారి అదే పడింది, నేను చూసుకోలేదు, అంతవరకు తప్పు నాదే. నేపాల్ టైమ్ మనకంటే పావుగంట ముందు. గంటలకొద్దీ తేడా ఉంటే ఆ రోజే కనబడేది, పావుగంటను ఎవరు పట్టించుకుంటారు? పది రోజుల తర్వాత యూపీఐ మెసేజ్‌లూ బిల్లులూ పక్కపక్కన పెట్టుకుంటే డబ్బు 11:05కి పడింది, బిల్లు 11:20 చూపిస్తోంది, ఏది ఎవరిదో తేలక ఆయన నాకు ఫోన్ చేసి "ఏం సిస్టమ్ ఇచ్చినావప్పా నువ్వు" అన్నాడు. నెట్ పెట్టి గడియారాన్ని సింక్ కొట్టించాను, అయినా పోలేదు. పోదు కూడా, సింక్ సరిచేసేది యూటీసీని, జోన్ తప్పైతే ఆ తప్పు టైమునే సెకండ్లతో సహా పక్కాగా చూపిస్తుంది.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఇండియా అని పెట్టగానే జోన్ దానంతటదే పడాలి, ఏ దేశానికి ఏ జోన్లు ఉన్నాయో ఆ డేటాబేస్‌లోనే రాసి ఉంది, మాకు ఒక్కటే ఉంది. అమెరికా, రష్యా లాంటి వాటికైతే ఆ దేశం జోన్లు మాత్రమే చూపించి అడగండి. వెతికే పెట్టెలో దేశం పేరూ, మా ఊర్ల పేర్లూ, వీలైతే తెలుగులో కొట్టినా పనిచేయాలి. ఇవేవీ కుదరకపోతే కనీసం "ఇప్పుడు మీ దగ్గర టైమ్ ఇంతేనా?" అని గడియారాన్ని పెద్దక్షరాల్లో చూపించి, అవునంటేనే ముందుకు పోనివ్వండి, చేతికి వాచీ ఉన్నవాడెవడైనా తప్పు పట్టేస్తాడు.

జవాబు మనిషి రాస్తే బాగుంటుంది. మీ అభిప్రాయం మాకు విలువైనది అనే మెయిల్ ఇప్పటికే రెండుసార్లు వచ్చింది.

ఇట్లు,
అనంతపురం నుంచి మీ కస్టమర్